పారలల్ స్నోబోర్డు రేసింగ్: అంతర్జాతీయ సర్క్యూట్‌లో పోటీ పడదలచుకున్నవారికి

స్నోబోర్డు అనగానే చాలామందికి గాలిలో పల్టీలు కొట్టే హాఫ్‌పైప్ ఆటే గుర్తుకొస్తుంది. ఆల్పైన్ స్నోబోర్డు రేసింగ్ దానికి పూర్తిగా భిన్నమైనది. గట్టిపడిన మంచు వాలు మీద పక్కపక్కనే పాతిన రెండు గేట్ల (ఎక్కడ మలుపు తిరగాలో చూపే గడల) వరుసల్లో ఇద్దరు రైడర్లు ఒకేసారి బయల్దేరి, బోర్డు అంచు మీదే నిలబడి మలుపులు తిరుగుతూ కిందికి దిగుతారు. స్టార్ట్ నుంచి చూస్తే ఎడమవైపుది ఎర్ర కోర్సు, కుడివైపుది నీలి కోర్సు. ముందు చేరినవారు తదుపరి రౌండుకు వెళతారు, రెండోవారికి ఆ రోజు పోటీ సాధారణంగా అక్కడితో ముగుస్తుంది.

ఇందులో విభాగాలు రెండు. పారలల్ జెయింట్ స్లాలమ్‌లో గేట్ల మధ్య దూరం సుమారు 20 నుంచి 27 మీటర్లు, స్టార్టుకూ ఫినిష్‌కూ మధ్య ఎత్తు తేడా 120 నుంచి 200 మీటర్లు ఉంటుంది. వేగం గంటకు 60 కిలోమీటర్లు దాటుతుంది. పారలల్ స్లాలమ్‌లో గేట్లు 10 నుంచి 14 మీటర్లకే ఎదురవుతాయి, వాలు పొట్టిది, కాబట్టి అక్కడ వేగం కన్నా పాదాల చురుకుదనానికే విలువ ఎక్కువ. స్నోబోర్డు తొలిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చిన 1998 నగానోలో జెయింట్ స్లాలమ్‌ను ఒక్కొక్కరుగా పరుగెత్తించి సమయం చూశారు. కెనడాకు చెందిన రాస్ రెబగ్లియాటి, ఫ్రాన్స్‌కు చెందిన కరీన్ రూబీ గెలిచారు. 2002 సాల్ట్ లేక్ సిటీ నుంచి ఇద్దరిద్దరుగా దిగే పారలల్ పద్ధతి అమల్లో ఉంది. పారలల్ స్లాలమ్ మాత్రం 2014 సోచిలో ఒక్కసారే ఒలింపిక్స్‌లో కనిపించి తప్పుకుంది. వరల్డ్ కప్‌లో రెండూ కొనసాగుతున్నాయి.

టీవీలో చూపేది మధ్యాహ్నమో రాత్రి దీపాల వెలుగులోనో జరిగే ముఖాముఖి పోటీని. అంతకుముందు జరిగే క్వాలిఫికేషన్‌లో దాదాపు అందరూ ఇంటిదారి పడతారు, పదహారు మందే మిగులుతారు. కొత్తగా వచ్చేవారు ఎదుటి మనిషిని ఓడించడం గురించి ఎక్కువగా ఆలోచించి, ఎదుటి మనిషితో కాక గడియారంతో జరిగే ఆ మొదటి పోటీకి తక్కువగా సిద్ధమవుతారు. నా అభిప్రాయంలో సర్క్యూట్‌లో ఎదుగుదలను నిర్ణయించేది క్వాలిఫికేషనే. కింద చెప్పేదంతా ఆ దృష్టితోనే చదవాలి.

లైసెన్సు, పౌరసత్వం, పాయింట్లు

ఈ క్రీడను అంతర్జాతీయ స్కీ, స్నోబోర్డు సమాఖ్య నడుపుతుంది. వాడుకలో దాని పేరు ఎఫ్‌ఐఎస్. వ్యక్తులు నేరుగా ఎఫ్‌ఐఎస్‌లో నమోదు కాలేరు. ఆ దేశపు జాతీయ సంఘం రైడరును నమోదు చేయించి, అథ్లెట్ డిక్లరేషన్ మీద సంతకం తీసుకుని, ప్రతి రేసుకూ ఎంట్రీ కూడా తానే పంపుతుంది. ఎఫ్‌ఐఎస్ సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. కాబట్టి నవంబరులో రేసు ఉందని అక్టోబరులో తలుపు తట్టడం ఆలస్యమే. కాగితాల పని వేసవిలోనే ముగించాలి. సంఘంలో ఎంట్రీలు పంపే వ్యక్తి ఎవరో, ఆయనకు ఎన్ని రోజుల ముందు చెప్పాలో తెలుసుకుని ఉండడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఎంట్రీ అందని కారణంగా వేల కిలోమీటర్లు ప్రయాణించి ఖాళీగా నిలబడాల్సి వస్తే అప్పుడు దాని విలువ తెలుస్తుంది.

భారతదేశం తరఫున దిగాలంటే భారత పాస్‌పోర్టు ఉండాలి. మనవాళ్లలో చాలామంది పిల్లలు అమెరికా, కెనడా పౌరులుగా పుట్టి, ఓసీఐ కార్డుతో భారత్‌కు వచ్చిపోతుంటారు. ఆ కార్డు క్రీడా ప్రాతినిధ్యానికి పనికిరాదు. అటువంటి పిల్లలకు తమ దేశపు వ్యవస్థే దారి. టొరంటోలో ఉన్న తెలుగు కుటుంబానికి వరల్డ్ కప్ రేసులు జరిగిన బ్లూ మౌంటెన్ కొద్ది గంటల ప్రయాణంలో ఉంటుంది, అమెరికాలో స్థానిక స్థాయి స్లాలమ్ రేసులు ప్రాంతాలవారీగా జరుగుతుంటాయి. భారత్‌లో ఉన్నవారికి గుల్మార్గ్, ఔలి వంటి చోట్ల మంచు దొరుకుతుంది. గుల్మార్గ్‌లో ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో స్నోబోర్డు పోటీలూ ఉంటాయి. హైదరాబాదులో స్నో వరల్డ్ ఉంది కదా అని అడిగేవారుంటారు. మంచు ముట్టుకోవాలన్న సరదా అక్కడ తీరుతుంది, అంతవరకే. అంచు మీద మలుపు తిప్పడానికి కావలసిన వాలు అక్కడ లేదు.

పోటీల మెట్లు ఇలా ఉంటాయి. అడుగున ఎఫ్‌ఐఎస్ రేసులు, వాటిపైన ఖండాల కప్పులు, ఆపైన వరల్డ్ కప్. వీటికి పక్కగా జూనియర్ వరల్డ్ చాంపియన్‌షిప్‌లు, రెండేళ్లకోసారి వరల్డ్ చాంపియన్‌షిప్‌లు, నాలుగేళ్లకు ఒలింపిక్స్. ఖండాల కప్పుల్లో యూరోపా కప్‌దే పెద్దపీట. ఉత్తర అమెరికాకు నార్-యామ్ కప్, ఆసియాకు ఆసియన్ కప్, దక్షిణ అమెరికాకు దాని కప్ ఉన్నాయి. వరల్డ్ కప్‌లోకి రావాలంటే కనీస ఎఫ్‌ఐఎస్ పాయింట్లు ఉండాలి, దానిపైన తన దేశానికి ఉన్న కోటాలో చోటు దక్కాలి. ఆస్ట్రియా, ఇటలీ రైడరుకు రెండోది కష్టం, చిన్న దేశపు రైడరుకు మొదటిది కష్టం.

ఆల్పైన్ స్కీయింగ్ నుంచి వచ్చినవారు ఒక విషయం గమనించాలి. అక్కడ ఎఫ్‌ఐఎస్ పాయింట్లు ఎంత తక్కువ ఉంటే అంత మేలు, స్నోబోర్డులో ఎంత ఎక్కువ ఉంటే అంత మేలు. ఒక్కో విభాగంలో గడచిన ఏడాదిలో వచ్చిన ఉత్తమ ఫలితాలు రెండింటి సగటును లెక్కలోకి తీసుకుంటారు. అంటే ఇరవై రేసుల్లో నలభయ్యో స్థానం తెచ్చుకోవడం కన్నా, సరిగ్గా ఎంచుకున్న రెండు రేసుల్లో బాగా పరుగెత్తడం లాభం. కాబట్టి తొలి రెండు మూడు సీజన్లలో వరల్డ్ కప్ వెంట పరుగెత్తకుండా, బలమైన రైడర్లు కొందరైనా వచ్చే యూరోపా కప్, ఆసియన్ కప్ రేసులను ఎంచుకుని, ఒకే ఊళ్లో వరసగా రెండు రోజులు రెండు రేసులు పెట్టే చోట్లకు ముందుగా చేరుకోవడం తెలివైన పని. వాలు తెలిసినదవుతుంది, ప్రయాణ ఖర్చు పంచుకున్నట్టవుతుంది, మొదటి రోజు తేలిన లోపాన్ని మరునాడే దిద్దుకోవచ్చు.

వరల్డ్ కప్‌లో గెలిచినవారికి 100 పాయింట్లు, రెండోవారికి 80, మూడోవారికి 60 ఇస్తారు. వీటి మొత్తం మీద సీజన్ చివర క్రిస్టల్ గ్లోబ్ అనే ట్రోఫీ అందుతుంది. ఎఫ్‌ఐఎస్ పాయింట్లు వేరు, ఇవి వేరు. ఒలింపిక్స్‌కు వెళ్లే దారి మరింత ఇరుకు: 2022 బీజింగ్‌లో పురుషులకు 32, మహిళలకు 32 చోట్లే ఉన్నాయి.

బోర్డు, బూట్లు, బిగింపు

మామూలు స్నోబోర్డుతో, మెత్తని బూట్లతో ఈ ఆట ఆడలేం. రేస్ బోర్డు పొడవుగా, నడుము సన్నగా ఉంటుంది. జెయింట్ స్లాలమ్‌కు పురుషులు 185 సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉన్న బోర్డు వాడితే, స్లాలమ్‌కు 163కు దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకుంటారు. మహిళల బోర్డులు రెండింట్లోనూ వాటికన్నా పొట్టి. లోపల చెక్క పొర మీద టైటనల్ అనే లోహపు రేకు పరుస్తారు. కరకు మంచు మీద బోర్డు అదరకుండా అణచిపెట్టేది ఈ రేకే. స్విట్జర్లాండ్‌కు చెందిన కెస్లర్, ఆక్సెస్, ఆస్ట్రియా మాజీ రేసరు సిగి గ్రాబ్నర్ స్థాపించిన ఎస్‌జీ, అమెరికాలోని డోనెక్ వంటి చిన్న కార్ఖానాలే ఈ రంగాన్ని నడుపుతున్నాయి. ఒక్కో బోర్డు లక్ష రూపాయలు దాటడం మామూలే. మొదటి సీజన్‌కు కొత్తది కొనాల్సిన పని లేదు. జాతీయ జట్ల రైడర్లు సీజన్ చివర అమ్మేసే వాడిన బోర్డుల్లో మంచివి దొరుకుతాయి. అయితే అంచు ఎంత మిగిలిందో, లోహపు రేకు ఎక్కడైనా వంగిందో చూడకుండా డబ్బు చేతిలో పెట్టకూడదు. బోర్డును నేల మీద తిరగవేసి, తోక వైపు నుంచి ఒక కన్ను మూసి అడుగు భాగం వెంట చూస్తే వంపు పట్టుబడుతుంది.

బోర్డుకూ, బూట్లను పట్టి ఉంచే బైండింగ్‌కూ మధ్య ప్లేటు ఉంటుంది. రైడరు బరువు పడినచోట బోర్డు బిగుసుకుపోకుండా, మొత్తం పొడవునా ఒకే విధంగా వంగేట్టు చేయడం దాని పని. ప్లేటు వచ్చాక ఈ ఆటలో పట్టు పెరిగింది, దానితోపాటు బరువూ ఖర్చూ పెరిగాయి. తేలికపాటి రైడర్లు, చిన్న వయసువారు బరువైన ప్లేటుతో బోర్డును వంచలేక ఇబ్బంది పడతారు. వారికి మెత్తని ప్లేటో, అసలు ప్లేటే లేకపోవడమో మంచిది.

బూట్లు స్కీ బూట్లలాగే గట్టి ప్లాస్టిక్కువి. సన్నని బోర్డు మీద పాదం అడ్డంగా పెడితే వేళ్లో మడమో బయటికి వచ్చి మంచుకు తగిలి బోర్డు అంచు లేచిపోతుంది కనుక, రెండు పాదాలనూ 55 నుంచి 65 డిగ్రీల కోణంలో ముందుకు తిప్పి బిగిస్తారు. ముందు పాదానికి వేళ్ల కింద, వెనక పాదానికి మడమ కింద కొంచెం ఎత్తు పెడితే మోకాళ్లు ఒకదానివైపు ఒకటి సహజంగా చేరతాయి. ఈ ఎత్తు ఎంతన్నది ఒక్కొక్కరి తుంటి నిర్మాణాన్ని బట్టి మారుతుంది; చాంపియన్ కొలతలను ఎత్తుకొచ్చి తన బోర్డుకు దించుకున్నవారి మోకాళ్లు రెండో నెలకే నొప్పి మొదలుపెడతాయి. ఏ మార్పు చేసినా ఒకసారి ఒకటే చేయాలి, చేసినదాన్ని పుస్తకంలో రాసుకోవాలి.

అంచుకు సాన, అడుగుకు వాక్స్

సర్క్యూట్‌లో పెద్ద జట్లకు టెక్నీషియన్లు ఉంటారు. తక్కినవారు హోటల్ వాళ్లు చూపించిన నేలమాళిగలో బల్ల బిగించుకుని రాత్రి పదింటి వరకు తామే పని చేసుకుంటారు. ఆ పని బాగా వచ్చినవారికి ఏ కోచ్ చెప్పకుండానే మంచు గురించి తెలుస్తుంది, కాబట్టి దాన్ని శిక్షగా భావించవద్దు.

రేసులు జరిగే వాలుల్లోకి నీటిని ఎక్కించి గడ్డకట్టించడం పరిపాటి. గీరితే గోరు దిగని ఆ గట్టిదనం మీద మొండి అంచు నిలవదు. అడుగు వైపు అంచును అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ వరకు, పక్క అంచును 87 లేదా 88 డిగ్రీలకు సాన పడతారు. గైడులో ఆకురాయి పెట్టి ముక్కు నుంచి తోకకు, ఒకే ఒత్తిడితో, మధ్యలో ఆపకుండా లాగాలి. ఆకురాయి పని అయ్యాక అంచు మీద కంటికి కనపడని లోహపు నూగు మిగులుతుంది. అది వేలికి తగులుతుంది. దాన్ని డైమండ్ రాయితో, ముతక నుంచి నున్నటి వరకు వరసగా, కొంచెం తడి చేస్తూ తీసేయాలి. పరీక్ష తేలిక: బొటనవేలి గోటిని అంచుకు అడ్డంగా మెల్లగా లాగితే గోటి మీద నుంచి తెల్లని పొడి రాలాలి. ముక్కు నుంచి తోకదాకా నాలుగైదు చోట్ల ఇలా చూసి, ఎక్కడ పొడి రాలలేదో అక్కడే మళ్లీ పని చేయాలి. ముక్కు వద్ద మలుపు మొదలయ్యేచోట, తోక వద్ద మలుపు ముగిసేచోట పదును కాస్త తగ్గించుకునేవారున్నారు. అది రైడరు శైలికి సంబంధించినది, నియమం కాదు.

బోర్డు బాగా జారేందుకు అడుగున పూసే వాక్స్ విషయంలో ఇటీవల పెద్ద మార్పు వచ్చింది. నీటిని తోసేసే ఫ్లోరిన్ వాక్స్‌లను ఎఫ్‌ఐఎస్ 2023-24 సీజన్ నుంచి పూర్తిగా నిషేధించి, రేసు వద్దే యంత్రంతో బోర్డు అడుగును పరీక్షిస్తోంది. ఆ సీజన్ మొదట్లోనే, 2023 అక్టోబరులో సోల్డెన్‌లో జరిగిన ఆల్పైన్ స్కీ వరల్డ్ కప్ రేసులో నార్వేకు చెందిన రాగ్న్‌హిల్డ్ మోవింకెల్ ఈ పరీక్షలో అనర్హురాలైంది. పాత బోర్డు కొన్నవారు, పాత బ్రష్షులూ, వాక్స్ కరిగించే ఇస్త్రీపెట్టెలూ వాడేవారు ఇక్కడ జాగ్రత్తపడాలి. ఫ్లోరిన్ అంటిన బ్రష్షు కొత్త వాక్స్‌ను కూడా చెడగొడుతుంది. బ్రష్షులు కొత్తవి కొనుక్కుని, మరొకరి సామాను మీద ఆధారపడకుండా ఉంటే ఆ భయం ఉండదు. తక్కిన సూత్రం పాతదే: చల్లని పొడి మంచుకు గట్టి వాక్స్, తడి మంచుకు మెత్తని వాక్స్. గాలి ఉష్ణోగ్రత కాకుండా మంచు ఉష్ణోగ్రతను కొలవాలి, అదీ రేసు జరగబోయే గంటకు.

సాధన ఎక్కడ, దేని మీద

సర్క్యూట్ రైడర్లు ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో చిలీ, అర్జెంటీనా, న్యూజిలాండ్ వైపు, అక్టోబరు, నవంబరుల్లో ఆల్ప్స్ హిమనదాల మీద గడుపుతారు. ఆస్ట్రియాలోని హింటర్‌టుక్స్, స్టుబాయ్, పిట్జ్‌టాల్, కౌనర్‌టాల్, స్విట్జర్లాండ్‌లోని సాస్-ఫే తరచూ వినిపించే పేర్లు. నెదర్లాండ్స్‌లోని లాండ్‌గ్రాఫ్‌లో కప్పు కింద ఉన్న మంచు వాలు స్లాలమ్ సాధనకు పనికొస్తుంది. అక్కడ వరల్డ్ కప్ రేసులే జరిగాయి. ఒంటరిగా వెళ్లిన రైడరుకు ఎక్కడా గేట్లు పాతనివ్వరు కనుక, ఏదో ఒక జట్టుతోనో క్లబ్బుతోనో ఒప్పందం చేసుకుని వారి లేన్‌లో సాధన చేయాలి. ఇది డబ్బుతో పాటు మర్యాదతో కూడిన వ్యవహారం: పొద్దున్నే లేచి గేట్లు మోయడం, సాయంత్రం పీకడం, మధ్యలో గుంతలు పూడ్చడంలో పాలుపంచుకునేవారిని మరుసటి ఏడాది వాళ్లే పిలుస్తారు.

సాధనలో ఎక్కువ భాగం మడమ వైపు మలుపుకు కేటాయించాలి. వేళ్ల వైపు మలుపులో చీలమండ, మోకాలు, తుంటి మూడూ వంగి అదురును మింగేస్తాయి. మడమ వైపు తిరిగినప్పుడు గట్టి బూటు లోపల చీలమండకు కదలిక తక్కువ, పిరుదులు వెనక్కి పడిపోతాయి, బోర్డు తటతటమని ఎగరడం మొదలుపెడుతుంది. ఎడమ కాలు ముందుంచే రైడరుకు ఈ మలుపు ఎడమవైపు, కుడి కాలు ముందుంచేవారికి కుడివైపు వస్తుంది. దీనికి మందు, మలుపును ముందుగా మొదలుపెట్టడం. గేటు దాటాక అంచు మార్చుకుంటే అప్పటికే ఆలస్యం. గేటుకు పైనే, బోర్డు ఇంకా వాలుకు అడ్డంగా ఉన్నప్పుడే ఒరిగి, గేటు పక్కకు వచ్చేసరికి మలుపులో సగానికి పైగా పూర్తయి ఉండాలి. గేటులో లోపలివైపు ఉండే పొట్టి గడకు ఎంత దగ్గరగా వెళ్లామన్నది రెండో ప్రశ్న. శిక్షణలో గేట్లు తీసేసి, మంచు మీద మిగిలిన గీతను చూడటం మంచి అలవాటు: సన్నని ఒకే గీత ఉంటే అంచు పట్టింది, దువ్వెన పళ్ల లాంటి గీతలుంటే జారింది.

జిమ్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఒంటికాలి బలం, నడుము తిప్పుడును ఆపగల బలం, ఒక రోజులో ఆరు పరుగులను తట్టుకునే దమ్ము కావాలి. స్టార్టుకు వీపు, భుజాలు కావాలి, దీన్ని చాలామంది మరచిపోతారు. వయసు గురించి బెంగ పడవద్దు. ఆస్ట్రియాకు చెందిన బెంజమిన్ కార్ల్ 2010లో రజతం, 2014లో కాంస్యం గెలిచి, 36 ఏళ్ల వయసులో 2022 బీజింగ్‌లో తన తొలి ఒలింపిక్ స్వర్ణం అందుకున్నాడు. ఇటలీకి చెందిన రోలండ్ ఫిష్నాలర్ నలభై దాటాక కూడా వరల్డ్ కప్ రేసులు గెలిచాడు. మరోవైపు జపాన్‌కు చెందిన త్సుబాకి మికి 19 ఏళ్లకే 2023లో జెయింట్ స్లాలమ్ ప్రపంచ చాంపియన్ అయింది.

మంచు దేశంలో పుట్టకపోయినా పరవాలేదా అన్న ప్రశ్నకు కొరియా రైడరు లీ సాంగ్-హో కథ కొంత జవాబు. అతను చిన్నప్పుడు గాంగ్వాన్ ప్రాంతంలో, చలికాలంలో మంచు వాలుగా మార్చిన క్యాబేజీ పొలంలో బోర్డు నేర్చుకున్నాడు. అందుకే అతనికి 'క్యాబేజీ బాయ్' అని పేరు. 2018 ప్యాంగ్‌చాంగ్‌లో రజతం గెలిచి, స్కీ, స్నోబోర్డు క్రీడల్లో కొరియాకు తొలి ఒలింపిక్ పతకం తెచ్చాడు. కొండ చిన్నదైనా రోజూ అందుబాటులో ఉండటం ఎక్కువ పనికొస్తుందని నేను దీన్నుంచి గ్రహిస్తాను.

క్యాలెండరు, వీసా, సామాను

వరల్డ్ కప్ ఎక్కువగా డిసెంబరు నుంచి మార్చి వరకు యూరప్‌లోనే తిరుగుతుంది. ఇటలీ డోలమైట్స్‌లోని కరెజ్జా, కోర్టినా, ఆస్ట్రియాలోని బాడ్ గాస్టైన్, స్విట్జర్లాండ్‌లోని స్కువోల్, స్లొవేనియాలోని రోగ్లా, బల్గేరియాలోని బాన్స్కో, పాంపొరోవో, జర్మనీలోని వింటర్‌బర్గ్ పేర్లు ఏటా దాదాపుగా మళ్లీ మళ్లీ వస్తుంటాయి. ప్రతి వాలుకూ ఒక స్వభావం ఉంది. బాడ్ గాస్టైన్‌లో స్లాలమ్ రాత్రిపూట దీపాల కింద జరుగుతుంది, ప్రేక్షకులు దగ్గరగా నిలబడతారు, వాలు పొట్టిది కాబట్టి మొదటి మూడు గేట్లలో తప్పు చేస్తే సరిదిద్దుకునే చోటు ఉండదు.

భారత పాస్‌పోర్టు ఉన్నవారికి షెంజెన్ (యూరప్‌లోని చాలా దేశాల ఉమ్మడి వీసా) నియమమే అసలు క్యాలెండరు. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు కాబట్టి, అక్టోబరు, నవంబరుల్లో హిమనదం మీద రెండు నెలలు గడిపితే జనవరి, ఫిబ్రవరి రేసులకు రోజులు చాలవు. లెక్క వెనక నుంచి వేసుకోవాలి: ముందు రేసు తేదీలు, తర్వాత మిగిలిన రోజుల్లో సాధన. ఆసియన్ కప్ రేసులను మధ్యలో పెట్టుకుంటే ఆ గడియారం కొంతకాలం ఆగుతుంది. పలుసార్లు వెళ్లివచ్చే వీసా అడగాలి, జాతీయ సంఘం లేఖ, రేసు నిర్వాహకుల ఆహ్వానం జతపరచాలి. బోర్డుల సంచి రెండు మీటర్ల వరకు ఉంటుంది, చిన్న విమానాల్లో ఎక్కించుకోరు. టికెట్ కొన్నప్పుడే క్రీడా సామాను కింద నమోదు చేయించి, బూట్లు మాత్రం చేతి సంచిలో తెచ్చుకోవాలి. బోర్డు ఎవరైనా అప్పిస్తారు, పాదానికి అచ్చు పోసిన బూటును ఎవరూ ఇవ్వలేరు.

రేసు రోజు

పొద్దున కోర్సును చూడనిస్తారు. గేట్ల పక్కగా అంచు మీద జారుతూ దిగవచ్చు గానీ, గేట్ల గుండా మలుపులు తిరిగితే అనర్హత వేటు పడుతుంది. ఎక్కువమంది గేట్లను లెక్కపెడుతూ దిగుతారు. దానికన్నా లయ ఎక్కడ మారుతుందో, వాలు ఎక్కడ విరిగి కిందది కనపడకుండా పోతుందో, సూర్యుడు ఎటు తిరిగితే ఏ కోర్సు నీడలోకి వెళుతుందో చూడడం ముఖ్యం. చివరిది క్వాలిఫికేషన్‌కు పనికిరాకపోవచ్చు, రెండు మూడు గంటల తర్వాత మాత్రం తప్పక పనికొస్తుంది.

క్వాలిఫికేషన్‌లో సగం మంది ఎర్ర కోర్సులో, సగం మంది నీలి కోర్సులో దిగుతారు. వరల్డ్ కప్‌లో ఒక్కో కోర్సు నుంచి సాధారణంగా 16 మందిని రెండో పరుగుకు అనుమతించి, కోర్సులు మార్చి పరుగెత్తిస్తారు; రెండు సమయాలూ కలిపి మొదటి పదహారు మందిని తీస్తారు. ర్యాంకు లేని రైడరుకు చివరి బిబ్ నంబర్లు వస్తాయి, అప్పటికి గేట్ల కింద గాడులు పడి ఉంటాయి. ముందువారి గీతను అనుసరించి గాడిలో పడడం కన్నా, దానికి పైనుంచి వెడల్పుగా వచ్చి గాడి గోడను ఆసరాగా వాడుకోవడం నేర్చుకోవాలి. దీన్ని నేర్పేది సాధనలో ఆఖరి పరుగులే. గేట్లు పాడయ్యాక అందరూ వెళ్లిపోతున్నప్పుడు మరో రెండుసార్లు దిగేవారికి ఇది అబ్బుతుంది. రెండు కోర్సుల్లోనూ సమంగా దిగగలగాలి. ఒకదానిలో మెరిసి మరోదానిలో పడిపోయేవారి పేరు ఫలితాల్లో ఇరవై కింద కనిపిస్తుంది.

ఫైనల్స్‌లో మొదటి స్థానం వచ్చినవారు పదహారో స్థానం వారితో తలపడతారు. ప్రతి జోడీలో క్వాలిఫికేషన్‌లో ముందున్నవారికి కోర్సు ఎంచుకునే హక్కు ఉంటుంది. ఒకే పరుగుతో తేలిపోయే ఈ పద్ధతిలో ఆ హక్కు చాలా విలువైనది, క్వాలిఫికేషన్‌ను నిర్లక్ష్యం చేయవద్దని మొదట చెప్పడానికి ఇదొక కారణం. ఎంచుకునేటప్పుడు ఏది వేగంగా ఉందని అందరూ అంటున్నారో దాన్ని కాక, అంతకుముందు జరిగిన జోడీల్లో ఎక్కువ మంది ఏ వైపు గెలిచారో, ఏ గేటు వద్ద తడబడ్డారో చూసిన కోచ్ మాటను వినాలి.

స్టార్టు వద్ద రెండు వైపులా ఉన్న పిడులను పట్టుకుని నిలబడాలి. స్టార్టరు ఎర్ర కోర్సునూ నీలి కోర్సునూ సిద్ధమా అని అడుగుతాడు, తర్వాత రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకుంటాయి. అప్పుడు చేతులతో గుంజుకుని బయటికి దూకడంలో బలం కన్నా దిశ ముఖ్యం: శరీరం పైకి లేవకుండా, బోర్డు చదునుగా, మొదటి గేటుకు పైన గురిపెట్టి వెళ్లాలి. పరుగులో ప్రత్యర్థి వైపు చూడకూడదని అందరూ చెబుతారు. నా మాట కొంచెం వేరు: వెనకబడ్డామని తెలిస్తే గీత బిగించవచ్చు, ముందున్నామని తెలిస్తే ఆఖరి గేట్లలో సాహసం మానవచ్చు, కాబట్టి కంటి చివరతో తెలుసుకోవడం నేర్చుకోవాలి, తల మాత్రం తిప్పకూడదు. ఎదుటివారు పడిపోయినా, గేటు తప్పినా, ఫినిష్ వరకు ఆగకూడదు.

ఫినిష్ లైను వద్ద శరీరంలోనో సామానులోనో ఏది ముందుగా కాంతి కిరణాన్ని తాకితే అదే సమయం. చేతిని ముందుకు చాచడం నాటకం కాదు. లీ సాంగ్-హో 2018 సెమీఫైనల్‌లో స్లొవేనియాకు చెందిన జాన్ కోషిర్‌ను 0.01 సెకనుతో దాటి రజతం దాకా వెళ్లాడు. 2022 క్వార్టర్‌ఫైనల్‌లో, అమెరికాలో పుట్టి రష్యాకు మారిన విక్ వైల్డ్ చేతిలో అదే 0.01 సెకనుతో ఓడి ఇంటికి వెళ్లాడు.

ఒక్కో రోజు గెలిచేవారు రెండు క్వాలిఫికేషన్, నాలుగు ఫైనల్ పరుగులు తీస్తారు. పరుగుల మధ్య ఆకలి వేయకపోయినా ఏదో ఒకటి తినాలి, బూటు బకిల్స్ వదులు చేయాలి, అంచుకు రాయి ఒకసారి రాయాలి.

మందులు, బీమా, డబ్బు

ఎఫ్‌ఐఎస్ రేసుల్లో డోపింగ్ నియమాలు మొదటి రోజు నుంచే వర్తిస్తాయి. జలుబుకు మామూలుగా వాడే సూడోఎఫెడ్రిన్ పోటీ సమయంలో నిర్ణీత పరిమితి దాటితే నిషిద్ధం. ఇంటి నుంచి తెచ్చుకునే లేహ్యాలు, చూర్ణాలు, కండలకని అమ్మే పొడులు ఏమి కలిపారో తెలియకుండా తీసుకోవద్దు. భారత్‌లో దొరికే మందుల గురించి జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నాడా వారి 'నో యువర్ మెడిసిన్' యాప్‌లో వెతకవచ్చు. తప్పనిసరి మందు ఉంటే ముందుగానే అనుమతి కోరాలి. హెల్మెట్ తప్పనిసరి, వీపు రక్షణ వేసుకోవడం మంచిది. బీమా తీసుకునేటప్పుడు 'రేసింగ్' అనే మాట పాలసీలో స్పష్టంగా ఉందో లేదో చూడాలి. మామూలు ప్రయాణ బీమాలు పోటీ గాయాలను సాధారణంగా మినహాయిస్తాయి, కొండ మీద నుంచి హెలికాప్టరులో దించిన బిల్లు చేతికొచ్చాక ఆ సంగతి తెలియడం బాధాకరం.

డబ్బు మాట సూటిగా చెప్పుకోవాలి. ఈ క్రీడలో సంపన్న దేశాలు కూడా చేతులెత్తేసిన సందర్భాలున్నాయి. 2010 వాంకూవర్ తర్వాత అమెరికా స్కీ సంఘం ఆల్పైన్ స్నోబోర్డు జట్టుకు నిధులు ఆపేయడంతో, విక్ వైల్డ్ రష్యా రైడరు అల్యోనా జవర్జినాను పెళ్లాడి రష్యా పౌరసత్వం తీసుకుని, 2014 సోచిలో రెండు స్వర్ణాలు గెలిచాడు. 2026 తర్వాత కూడా జెయింట్ స్లాలమ్‌ను ఒలింపిక్స్‌లో ఉంచాలని రైడర్లే ప్రచారం చేయాల్సి వచ్చింది. కాబట్టి ఒక పెద్ద స్పాన్సరు కోసం ఎదురుచూడకుండా, సీజన్ ఖర్చును ప్రయాణం, బస, లేన్ అద్దె, సామాను, బీమా అని విడదీసి, ఏ భాగాన్ని ఎవరు భరిస్తారో జూలైలోనే తేల్చుకోవాలి. రెండు మూడు చిన్న దేశాల రైడర్లు కలిసి ఒక కోచ్‌ను, ఒక వ్యానును పంచుకోవడం సర్క్యూట్‌లో కొత్తేమీ కాదు, సిగ్గుపడే విషయం అంతకన్నా కాదు.

మార్చిలో చివరి రేసు అయ్యాక వెంటనే సామాను సర్దేయకూడదు. ఏప్రిల్‌లో హిమనదాల మీద మంచు ఇంకా గట్టిగా ఉంటుంది, తయారీదారులు పరీక్షకు బోర్డులు ఇచ్చేది అప్పుడే, వచ్చే సీజన్ ఆర్డర్లు వేసవికి ముందే నిండిపోతాయి. తన పాత బోర్డును, కొత్త బోర్డును ఒకే వాలు మీద, ఒకే రోజు, మార్చి మార్చి దింపి, గేట్లకు సమయం తీసుకుని, ఆ అంకెలు చూసిన తర్వాతే కార్ఖానాకు ఆర్డరు పంపాలి.